చేప ప్రొటీన్, పేగు బ్యాక్టీరియా, ఫ్యాటీ లివర్: అసలు లింకు ఎక్కడుంది?

హెల్త్ చెకప్ రిపోర్టులో అల్ట్రాసౌండ్ పేజీ చివర 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అన్న ముక్క ఇప్పుడు ఎంత మామూలైపోయిందంటే, చాలామంది డాక్టర్లు దాని మీద ఒకసారి వేలు పెట్టి, బరువు తగ్గండి, వాకింగ్ చేయండి అనేసి తర్వాతి పేజీకి వెళ్ళిపోతున్నారు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద చేసి 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వేసిన అధ్యయనంలో 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. రిపోర్టు ఇంటికి రాగానే తిండి మీద పంచాయితీ మొదలవుతుంది. మటన్ బంద్, నెయ్యి బంద్, గుడ్డులో పచ్చసొన తీసెయ్. చేప దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. చేప మంచిదే అంటారు. ఎందుకు మంచిదని అడిగితే ఒమేగా 3 అంటారు, అక్కడితో చర్చ అయిపోతుంది.

ఒమేగా 3 చేప నూనెలో ఉండే సరుకు. దాన్ని విడిగా మందులా ఇచ్చి కూడా చూశారు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్యాటీ లివర్ ఉన్న 103 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 4 గ్రాముల ఒమేగా 3, మిగిలినవాళ్ళకి ఉత్తుత్తి మాత్ర 15 నుంచి 18 నెలల పాటు ఇచ్చారు. 2014లో ఫలితాలు వస్తే, రెండు గుంపుల మధ్య గట్టిగా చెప్పుకునేంత తేడా తేలలేదు. ఒంట్లో డీహెచ్ఏ అనే ఒమేగా 3 రకం బాగా పెరిగినవాళ్ళలో మాత్రం లివర్ కొవ్వు తగ్గింది. కాబట్టి నూనె కథ సగం సగంగానే ఉంది. పైగా మనం ఎక్కువగా తినే శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపల్లో నూనె ఎంతుంటుంది కనుక? శీలావతి కండ 100 గ్రాములు తీసుకుంటే దాదాపు 18 గ్రాములు ప్రొటీన్, కొవ్వు రెండు మూడు గ్రాములకు మించదు. మనం చేప పేరుతో తింటున్నది ముఖ్యంగా ప్రొటీనే. మరి ఆ ప్రొటీన్ లివర్‌కి ఏమన్నా చేస్తుందా, చేస్తే ఏ దారిలో చేస్తుంది అన్నదే ఇక్కడ తేల్చాల్సిన సంగతి.

ముందు లివర్‌లోకి కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి, అది తెలియకుండా ఏ తిండి గురించి మాట్లాడినా గాలిలో మాట్లాడినట్టే. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు 2005లో ఒక పని చేశారు. తొమ్మిది మంది ఫ్యాటీ లివర్ రోగులకు ఐసోటోపులతో గుర్తు పెట్టిన పదార్థాలు కొన్ని రోజులు ఇచ్చి, తర్వాత లివర్ బయాప్సీలో, అంటే లివర్ నుంచి తీసిన చిన్న ముక్కలో, దొరికిన కొవ్వు ఏ దారిన వచ్చిందో లెక్క తీశారు. 59 శాతం ఒంట్లో, ముఖ్యంగా పొట్ట దగ్గర, ముందే పేరుకున్న కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చినది. 26 శాతం లివర్ తనంతట తాను పిండిపదార్థాల నుంచి, చక్కెర నుంచి తయారు చేసుకున్నది. తిండిలోని నూనె, నెయ్యి నుంచి నేరుగా వచ్చింది 15 శాతం. మందిని చూస్తే చిన్న అధ్యయనమే, కానీ ఇంత నేరుగా కొలిచినవి తక్కువ కాబట్టి ఇప్పటికీ అందరూ దీన్నే చెప్పుకుంటారు. నూనె పూర్తిగా మానేసి, ఆ లోటు తీర్చుకోవడానికి ఇంకో రెండు గరిటెల అన్నం వేసుకునేవాళ్ళు ఈ మూడు అంకెల్ని ఒకసారి చూసుకోవాలి.

ఇదంతా లోపలికి వచ్చే కొవ్వు. బయటికి పోయే కొవ్వు సంగతి ఎవరూ మాట్లాడరు, ప్రొటీన్ పని మొదలయ్యేది అక్కడే. లివర్ తన దగ్గర చేరిన కొవ్వుని చిన్న చిన్న కణికలుగా కట్టి రక్తంలోకి పంపుతుంది, వాటిని వీఎల్‌డీఎల్ అంటారు. ఆ కణిక చుట్టూ ఉండే పొరకి అపో బీ అనే ప్రొటీన్ కావాలి, కోలిన్ అనే పోషకంతో తయారయ్యే ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే పదార్థం కావాలి. రైస్ మిల్లులో బియ్యం ఆడుతూనే ఉండి బయట లారీలు దొరక్కపోతే గోడౌన్ ఎలా నిండిపోతుందో, ఈ రెండూ అందకపోతే లివర్ పరిస్థితి కూడా అంతే, కొత్తగా కొవ్వు పెద్దగా రాకపోయినా ఉన్నది కదలదు.

ఇది ఊహ కాదు. బక్కచిక్కిన చేతులు, ఉబ్బిన పాదాలు, పెద్ద పొట్టతో ఉండే క్వాషియోర్కర్ పిల్లల లివర్ నిండా కొవ్వే ఉంటుంది. తిండే సరిగ్గా లేని పిల్లల్లో, ప్రొటీన్ మరీ తక్కువైన చోట, ఈ ఫ్యాటీ లివర్. కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కి మారిన మన జాతీయ పోషకాహార సంస్థకి ఒకప్పుడు ఇదే పెద్ద పని, పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ లాంటివాళ్ళు దీని మీదే ఏళ్ళ తరబడి పని చేశారు. ఈ జబ్బులో బ్యాక్టీరియా పాత్ర కూడా ఉందని తర్వాత తెలిసింది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, ఆఫ్రికాలోని మలావీలో కవల పిల్లల్లో ఒకరికి క్వాషియోర్కర్ ఉండి ఇంకొకరు బాగున్న జంటల్ని తీసుకుని, ఇద్దరి పేగు బ్యాక్టీరియాని బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. మలావీ తిండే పెడితే, జబ్బు పిల్లల బ్యాక్టీరియా అందుకున్న ఎలుకలు బాగా బరువు కోల్పోయాయి. తిండీ బ్యాక్టీరియా కలిసి చేసిన నష్టం అది. కోలిన్ సంగతి ఇంకా పాతది. 1930లలో టొరంటోలో ఛార్లెస్ బెస్ట్ బృందం, క్లోమం తీసేసి ఇన్సులిన్ మీద బతికిస్తున్న కుక్కల లివర్ కొవ్వుతో నిండిపోవడం గమనించి, లెసిథిన్, అందులోని కోలిన్ ఇస్తే ఆ కొవ్వు పోతుందని తేల్చింది. ఇప్పటికీ ల్యాబుల్లో ఎలుకకి ఫ్యాటీ లివర్ త్వరగా తెప్పించాలంటే మెథియొనిన్ అనే అమైనో ఆమ్లం, కోలిన్ రెండూ లేని మేత పెడతారు. చేపలో ఈ రెండూ బాగానే ఉంటాయి, ఆ మాటకొస్తే గుడ్డులో కోలిన్ ఇంకా ఎక్కువ, అదీ మనం తీసి పారేస్తున్న పచ్చసొనలోనే.

సరే, ఇంతవరకూ చెప్పింది ఏ మంచి ప్రొటీన్‌కైనా వర్తిస్తుంది. చేప ప్రొటీన్‌లో ప్రత్యేకంగా ఏముంది?

దీని మీద ఎక్కువగా తవ్వింది జపాన్, నార్వే, కెనడా వాళ్ళు. ముగ్గురికీ చేపల పరిశ్రమ పెద్దది కాబట్టి ఆశ్చర్యం లేదు. ఒసాకా ప్రాంతంలోని కాన్సాయ్ యూనివర్సిటీ బృందం అలాస్కా పొల్లాక్ అనే తెల్ల చేపతో చాలా పని చేసింది. ఇలాంటి ప్రయోగాల్లో చేపని కూర వండి పెట్టరు. కండని ఆరబెట్టి, కొవ్వంతా తీసేసి, చివరికి దాదాపు వాసన లేని పొడిగా మారుస్తారు. ఎలుక మేతలో మామూలుగా వాడే పాల ప్రొటీన్ కేసీన్ బదులు కొంత గానీ మొత్తం గానీ ఈ పొడి కలిపి కొన్ని వారాలు పెట్టి, రక్తం, లివర్, పేడ అన్నీ కొలుస్తారు. నూనె తీసేశారు కాబట్టి కనబడిన ఫలితం ఒమేగా 3 ఖాతాలో పడదు, ఈ పద్ధతిలో ఉన్న లాభం అదే. అలా చేస్తే కేసీన్ తిన్న ఎలుకల కన్నా చేప పొడి తిన్న ఎలుకల్లో కొలెస్ట్రాల్ తగ్గింది, పేడలో కొలెస్ట్రాలూ పైత్యరసపు ఆమ్లాలూ ఎక్కువగా బయటికి పోయాయి అని వాళ్ళు 2011లో రాశారు. 2017లో ట్యూనా చేప నల్ల కండతో, అంటే డబ్బాల్లో పెట్టే తెల్ల కండ తీసుకున్నాక మిగిలిపోయే భాగంతో, షుగరూ ఊబకాయమూ ఉన్న చిట్టెలుకల మీద చేస్తే లివర్‌లో కొవ్వు తగ్గింది.

ఆ పైత్యరసం మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే చేప ప్రొటీన్‌కీ బ్యాక్టీరియాకీ లివర్‌కీ ముడి పడేది అక్కడే అని నా నమ్మకం. లివర్ కొలెస్ట్రాల్‌ని తీసుకుని పైత్యరసపు ఆమ్లాలు తయారు చేస్తుంది. వాటిని పేగులోకి వదిలే ముందు ప్రతిదానికీ ఒక అమైనో ఆమ్లం తోక తగిలిస్తుంది, గ్లైసిన్ గానీ టారిన్ గానీ. ఆ తోక ఉంటేనే అవి నీటిలో కలిసి కొవ్వుని కరిగించగలవు. పని అయ్యాక చిన్నపేగు చివర్లో 95 శాతం వరకు తిరిగి పీల్చుకుని మళ్ళీ లివర్‌కే చేరతాయి, ఇలా రోజుకి చాలాసార్లు చక్కర్లు కొడతాయి. మిగిలిన కొద్ది భాగం పెద్దపేగులోకి జారుతుంది, అక్కడ బ్యాక్టీరియా ముందు ఆ తోక తెంపేస్తాయి, తర్వాత ఆమ్లం ఆకారాన్నే మార్చి డీఆక్సీకోలిక్ ఆమ్లం లాంటి కొత్త రకాలు చేస్తాయి. వీటిలో కొన్ని పేగు గోడలోని ఎఫ్ఎక్స్ఆర్, టీజీఆర్ 5 అనే గ్రాహకాల్ని, అంటే కబురు అందుకునే గంటల్లాంటి వాటిని, తాకుతాయి. మొదటిది మోగితే పేగు నుంచి ఎఫ్‌జీఎఫ్ 19 అనే హార్మోన్ బయల్దేరి, పైత్యరసం తయారీ తగ్గించమని లివర్‌కి కబురు చేరుస్తుంది, కొవ్వు తయారీని కూడా అదుపులో పెడుతుంది. రెండోది మోగితే జీఎల్‌పీ 1 అనే ఇంకో హార్మోన్ విడుదలవుతుంది, ఇప్పుడు అందరూ ఇంజెక్షన్ల రూపంలో చెప్పుకుంటున్న మందులు అనుకరించేది దీన్నే. లివర్‌కి వచ్చే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా నేరుగా వస్తుంది కాబట్టి, పేగులో ఎవరు ఏం తయారు చేసినా ముందు రుచి చూసేది లివరే.

ఇప్పుడు చేపని ఇందులోకి తీసుకురండి. సముద్రపు ఆహారంలో టారిన్ బాగా ఉంటుంది, రొయ్యలు, పీతలు, గవ్వ జాతి జీవుల్లో మరీ ఎక్కువ, మొక్కల తిండిలో దాదాపు ఉండదు. టారిన్ దొరికితే తోకల లెక్క మారుతుంది, పైత్యరసం ప్రవాహం మారుతుంది, బ్యాక్టీరియాకి అందే సరుకు మారుతుంది. ఇది కాక, చేప ప్రొటీన్ అరిగి ముక్కలైనప్పుడు ఆ ముక్కల్లో కొన్ని పైత్యరసపు ఆమ్లాల్ని అంటిపెట్టుకుని తమతో పాటు బయటికి లాక్కుపోతాయని కాన్సాయ్ వాళ్ళ వివరణ. అలా పోయినంత మేరకు లివర్ కొత్తవి తయారు చేసుకోవాలి, దానికి కొలెస్ట్రాల్ ఖర్చు పెట్టాలి. నార్వేలోని బెర్గెన్‌లో టారిన్, గ్లైసిన్ ఎక్కువగా ఉన్న చేప ప్రొటీన్ హైడ్రొలైజేట్, అంటే ఎంజైములతో ముందే అరిగించిన పొడి, ఎలుకలకి పెట్టి 2009లో ప్రచురించిన పనిలో, రక్తంలో పైత్యరసపు ఆమ్లాలు పెరిగాయి, పొట్ట లోపలి కొవ్వు తగ్గింది. రెండు చోట్లా దారి కొంచెం వేరు, కానీ ఇద్దరూ చేరింది పైత్యరసం దగ్గరికే.

ఇక్కడే ఒక పెద్ద చిక్కుంది, దీన్ని వార్తల్లో రాసేవాళ్ళు పట్టించుకోరు. ఎలుకల్లో, చిట్టెలుకల్లో మరీ ఎక్కువగా, పైత్యరసపు తోక టారినే. మనిషిలో గ్లైసిన్‌దే పైచేయి, టారిన్ తోక ఉన్నవాటి కంటే గ్లైసిన్ తోక ఉన్నవి సుమారు మూడు రెట్లు. టారిన్ ఎక్కువ తింటే మనలో కూడా ఆ లెక్క కొంత అటు జరుగుతుంది, కానీ ఎలుకలో కనబడిన బొమ్మే మనలోనూ కనబడాలని లేదు. ఇంకో తమాషా, ఎలుకలు తమ పేడ తామే తింటాయి. ఒకే బోనులో ఉన్నవి ఒకదాని బ్యాక్టీరియా ఇంకొకటి పంచుకుంటాయి. పేగు బ్యాక్టీరియా ప్రయోగాల్లో ఏ ఎలుక ఏ బోనులో ఉంది అన్నది ఫలితాన్నే మార్చేయగలదు.

బ్యాక్టీరియా వైపు నుంచి చూస్తే, చైనాలోని నాన్‌జింగ్ వ్యవసాయ యూనివర్సిటీ 2015లో ఎలుకలకి గొడ్డు మాంసం, పంది మాంసం, కోడి, చేప, సోయా, కేసీన్ ప్రొటీన్లు విడివిడిగా పెట్టి పోల్చింది. కోడి, చేప తిన్నవాటిలో లాక్టోబాసిల్లస్ జాతి ఎక్కువగా కనబడింది. పెరుగులో ఉండే జాతి అనగానే మంచిదే అని మనకి అనిపిస్తుంది గానీ, ఒక జాతి పెరిగిందని చెప్పడానికీ దానివల్ల లివర్ బాగుపడిందని చెప్పడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఏ బ్యాక్టీరియా పెరిగింది అన్నదాని కన్నా, అవి ఏం తయారు చేస్తున్నాయి అన్నది అడగాలి. దీనికి బీజింగ్ నుంచి 2019లో వచ్చిన ఉదాహరణ మరచిపోలేం. చుక్క మందు ముట్టకుండానే ఒంట్లో ఆల్కహాల్ తయారయ్యే విచిత్రమైన జబ్బున్న ఒక ఫ్యాటీ లివర్ రోగిని పరిశీలిస్తే, పేగులో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా చక్కెరని సారాయిగా మారుస్తోంది. తర్వాత వాళ్ళు చూసిన మిగతా ఫ్యాటీ లివర్ రోగుల్లో కూడా దాదాపు 60 శాతం మందిలో అలా ఎక్కువగా ఆల్కహాల్ చేసే రకాలు దొరికాయి. తాగనివాళ్ళకి వచ్చే ఫ్యాటీ లివర్ అని పాత పేరు, 2023లో ఆ పేరు మార్చేశారు లెండి, ఆ మార్పు ఈ కారణంతో కాదు.

చేప ప్రొటీన్‌కి మసక వైపు కూడా ఉంది. చిన్నపేగులో అరగకుండా మిగిలిన ఏ ప్రొటీనైనా పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. పీచుని పులియబెడితే బ్యుటిరేట్ లాంటి పనికొచ్చే ఆమ్లాలు వస్తాయి, ప్రొటీన్‌ని పులియబెడితే అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, క్రెసాల్ లాంటివి కూడా వస్తాయి. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వచ్చే ఫినైల్ అసిటిక్ ఆమ్లం అయితే నేరుగా లివర్ కొవ్వుతోనే ముడిపడి ఉంది, 2018లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన యూరప్ పరిశోధనలో దీన్ని చిట్టెలుకలకి ఇస్తే లివర్‌లో కొవ్వు పెరిగింది. చేప కండలో గట్టి బంధన కణజాలం తక్కువ, అందుకే మటన్‌లా గంటసేపు ఉడికించక్కర్లేదు, అందుకే చాలావరకు పైనే అరిగిపోతుంది. ఈ లెక్కన చేపకి మార్కులు పడతాయి. టారిన్ మాత్రం రెండు వైపులా పదునున్న సరుకు. షికాగో యూనివర్సిటీ వాళ్ళు 2012లో చూపించింది ఏమిటంటే, పాల కొవ్వు ఎక్కువ తిన్న ఎలుకల్లో టారిన్ తోక పైత్యరసం పెరిగి, ఆ తోకలోని గంధకాన్ని తిని బతికే బైలోఫిలా వాడ్స్‌వర్తియా అనే బ్యాక్టీరియా విజృంభించి, పేగుపూత వచ్చే గుణమున్న వాటిలో జబ్బుని ఎగదోసింది. అదే టారిన్‌ని బెర్గెన్ ప్రయోగంలో మెచ్చుకున్నాం కదా. తేడా పక్కన ఏ కొవ్వు ఉంది, పీచు ఉందా లేదా అన్న దగ్గర వస్తుంది. పీచు లేకపోతే పేగు బ్యాక్టీరియా ఊరుకోవు, పేగు గోడకి రక్షణగా ఉన్న జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని 2016లో ఎలుకల్లో చూపించారు.

టీఎంఏఓ గురించి భయపడేవాళ్ళ కోసం రెండు మాటలు. గుడ్డు, మాంసంలోని కోలిన్, కార్నిటిన్‌ని పేగు బ్యాక్టీరియా ట్రైమిథైలమైన్‌గా మారిస్తే లివర్ దాన్ని టీఎంఏఓగా మారుస్తుంది, గుండె జబ్బులతో దీనికి సంబంధం ఉందని చెబుతారు. సముద్రపు చేప కండలో ఇది ముందే రెడీగా ఉంటుంది, ఉప్పునీటి ఒత్తిడి తట్టుకోవడానికి. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మార్చినప్పుడే ఆ నీచు వాసన. చెరువు చేపల్లో టీఎంఏఓ బాగా తక్కువ. వంజరం తిన్న రోజు రక్తంలో ఇది గుడ్డు తిన్నప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగినా, చేపలు తినేవాళ్ళకి గుండె జబ్బులు ఎక్కువన్న ఆధారం జనాభా లెక్కల్లో కనబడదు. కాబట్టి దీని గురించి టెన్షన్ అనవసరం అనే నేనంటాను.

ఇక మనుషుల మీద ఏం చేశారు? కెనడాలోని లావాల్ యూనివర్సిటీ 2007లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని 19 మందికి నాలుగు వారాలు కాడ్ చేప, నాలుగు వారాలు ఇతర జంతు ప్రొటీన్ ఇచ్చింది. చేప తిన్నప్పుడు ఇన్సులిన్ పని మెరుగైంది. బెర్గెన్‌లో 2013లో బరువెక్కువ ఉన్న 34 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి చేప ప్రొటీన్ మాత్రలు, మొదటి నాలుగు వారాలు రోజుకి 3 గ్రాములు, తర్వాత నాలుగు వారాలు 6 గ్రాములు ఇస్తే షుగరు, చెడు కొలెస్ట్రాల్, ఒంటి కొవ్వు కొంచెం తగ్గాయి. 2015లో అదే ఊళ్ళో ఆరోగ్యవంతులైన 20 మందికి రోజువారీ ప్రొటీన్‌లో 60 శాతం నూనె తక్కువున్న చేపల నుంచి ఇచ్చి చూస్తే, కోడి, గుడ్డు, పాలు తిన్నప్పటి కంటే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. ఫలితాలు అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి, అది బాగుంది. కానీ మందిని చూడండి, వారాలు చూడండి, కొలిచింది ఏమిటో చూడండి. షుగరు, ఇన్సులిన్, రక్తంలో కొవ్వులు. లివర్‌లోని కొవ్వు కాదు. 'చేప ప్రొటీన్‌తో ఫ్యాటీ లివర్ మాయం' అన్న హెడ్‌లైన్ ఎక్కడైనా కనబడితే అది నూటికి తొంభై పాళ్ళు ఎలుక గురించే అనుకోండి.

ఎలుక లెక్కని మన కంచంలోకి దించితే ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. ఎలుక మేతలో బరువుకి 20 శాతం ప్రొటీన్ ఉంటుంది, కేలరీల్లో కూడా దాదాపు అంతే. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి అది 100 గ్రాముల ప్రొటీన్. మొత్తం చేప నుంచే రావాలంటే ముల్లు తీసిన కండ అరకిలో పైన తినాలి, రోజూ. ఆదివారం మధ్యాహ్నం పులుసులో రెండు ముక్కలు వేసుకునే మనకీ ఆ ఎలుకకీ పోలికే లేదు. పైగా చేప ఎక్కువ తక్కువలు తేల్చింది కేసీన్‌తో పోల్చి. పాల ప్రొటీన్ కన్నా మెరుగు అంటే కందిపప్పు కన్నా, గుడ్డు కన్నా మెరుగు అని కాదు.

ఇంతకీ మన సమస్య వేరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో దేశమంతా చేసి 2025లో ప్రచురించిన ఆహార సర్వే ప్రకారం మనవాళ్ళ కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే, అదీ ఎక్కువగా తెల్లబియ్యం, పిండి పట్టించిన ధాన్యాలు, చక్కెర. ప్రొటీన్ వాటా 12 శాతం చుట్టుపక్కల. లివర్ సొంతంగా తయారు చేసే 26 శాతం కొవ్వుకి ముడిసరుకు ఈ 62లోనే ఉంది. అందుకే చేప లాభం అన్నది, నా లెక్కలో, చేప లోపల ఏముంది అన్నదాని కన్నా చేప వచ్చి కంచంలో దేన్ని పక్కకి నెట్టింది అన్నదాని మీద ఆధారపడుతుంది. పులుసు బాగా కుదిరిన రోజు మనం ఏం చేస్తాం? ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటాం. చింతపండు పులుసు గుణమే అంత, అన్నాన్ని లాగుతుంది. చేప ముక్కలు రెండే, అన్నం మాత్రం మూడుసార్లు. ఆ పూట లివర్‌కి చేరింది చేప భోజనం కాదు, చేప వాసన తగిలిన అన్నం. అదే నాలుగు ముక్కలు వేసుకుని, పక్కన గోంగూరో తోటకూరో పెట్టుకుని, అన్నం ఒక కప్పుతో ఆపితే పిండి తగ్గింది, ప్రొటీన్ పెరిగింది, బ్యాక్టీరియాకి పీచు దొరికింది. రెస్టారెంట్ అపోలో ఫిష్ సంగతి చెప్పక్కర్లేదు, కార్న్‌ఫ్లోర్‌లో ముంచి నూనెలో వేయించినదాన్ని ఫ్యాటీ లివర్ డైట్ అని ఆర్డర్ పెట్టే ఫ్రెండ్స్ నాకు ఉన్నారు.

పులుసుకి ఒక మంచి గుణం కూడా ఉంది. టారిన్ నీటిలో కరిగిపోతుంది, చేపని నీళ్ళలో ఉడికిస్తే చాలా భాగం కండ నుంచి రసంలోకి దిగుతుంది. ఉడికించి నీళ్ళు పారబోసే వంటలో అది పోతుంది, మనం పులుసు మొత్తం తింటాం కాబట్టి పోదు. ఏ చేప అన్నదాని మీద మరీ తలపట్టుకోనక్కర్లేదు. కవ్వళ్ళు, కానాగంతలు చవక, ప్రొటీన్‌తో పాటు ఒమేగా 3 కూడా దండిగా ఉంటుంది. తవుడు, చెక్క తిని పెరిగిన కొల్లేరు చెరువుల శీలావతిలో ఒమేగా 3 తక్కువైనా ప్రొటీన్‌కి లోటు లేదు. కొరమీను ధర మూడింతలు ఉంటే లివర్‌కి లాభం మూడింతలు ఉంటుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఎండు చేపల్లో ప్రొటీన్ ఎక్కువే గానీ ఉప్పు కూడా అంతే ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు చూసుకోవాలి.

బరువు సంగతి కూడా చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. 2015లో క్యూబాలో 293 మంది మీద చేసిన పరిశోధనలో ఏడాది తర్వాత మళ్ళీ బయాప్సీ తీసి చూస్తే, బరువు 10 శాతం, ఆ పైన తగ్గినవాళ్ళలో కొవ్వే కాదు, చాలామందిలో వాపు, దాదాపు సగం మందిలో లివర్ గట్టిపడటం కూడా వెనక్కి మళ్ళింది. చేప ప్రొటీన్ పొడితో మనిషిలో దీని దరిదాపుల్లోకి వచ్చిన ఫలితం ఏదీ లేదు. చేప ఇక్కడ సాయం చేసేది, అదే కేలరీల్లో కడుపు నిండినట్టు ఉంచి, బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా చూడటంలో.

మరి చేప ముట్టనివాళ్ళ మాటేమిటి? వాళ్ళు దిగులుపడాల్సిన పని లేదు. జర్మనీలో 2017లో షుగరూ ఫ్యాటీ లివర్ రెండూ ఉన్న 37 మందిని రెండు గుంపులు చేసి, కేలరీల్లో 30 శాతం ప్రొటీన్ ఉండేలా ఆరు వారాలు భోజనం పెట్టారు. ఒక గుంపుకి మాంసం, పాల ప్రొటీన్, ఇంకో గుంపుకి ముఖ్యంగా బఠానీ లాంటి పప్పుజాతి ప్రొటీన్. ఈసారి కొలిచింది నేరుగా లివర్‌లోని కొవ్వునే. మొదటి గుంపులో 48 శాతం, రెండో గుంపులో 36 శాతం తగ్గింది, బరువు తగ్గడంతో దానికి సంబంధం కనబడలేదు. రెండు గుంపుల్లోనూ చేప ముఖ్యమైన ప్రొటీన్ కాదు.